తాత సందుగ స్కాన్ చేయించాం: పనికి నాలుగు స్టార్లు, టైపింగుకు ఒక్కటే

మా అటక మీద తాత సందుగ ఒకటుంది. అందులో ఉర్దూ రశీదులు, హాలీ సిక్కా (నిజాం రాజ్యపు రూపాయి) లెక్కలు రాసుకున్న చిట్టా పుస్తకం, పాత పహాణీ నకళ్లు, మడతల దగ్గర విరుగుతున్న ఉత్తరాలు. వాటిని స్కాన్ చేయించి, తొంభై దాటిన మా నాయనమ్మ మాటలు కూడా రికార్డు చేయించుకుందామని నల్లగొండలోనే ఈ పని చేసే ఒక చిన్న సర్వీసుకు ఇచ్చాం. పేజీకి ఎనిమిది రూపాయలు, రికార్డింగు గంటకు వెయ్యి, టైపింగు ఖర్చు వేరే.

స్కానింగుకు వంక పెట్టలేను. తుప్పు పట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే ఊడదీసి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, కాగితం అద్దం మీద పరిచి తీశారు. కాగితాలు లాగేసుకునే మెషీన్‌లో ఒక్కటీ పెట్టలేదు. లామినేషన్ చేయించమంటారా అని నేనే అడిగితే, స్కాన్ చేసే అబ్బాయి చేతులు జోడించినంత పని చేశాడు. వేడికి పాత కాగితం పాడవుతుందట, మళ్లీ విప్పడానికీ రాదట.

ఫైళ్ల పేర్లు చూస్తే మాత్రం నవ్వొచ్చింది. ఒక లెవీ రశీదుకు 1354 అని పెట్టారు. అంటే ఓరుగల్లులో కాకతీయుల రాజ్యం పోయిన 31 ఏళ్లకు మా తాత వడ్లు కొలిచాడన్నమాట! అది ఫస్లీ సంవత్సరం, నిజాం సర్కారు కాగితాల్లో వాడిన లెక్క. 590 కలిపితే 1944 వస్తుంది. యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు రైతుల దగ్గర లెవీ ధాన్యం వసూలు చేసిన కాలం అది. మాకు తెలిసిన రిటైర్డ్ ఉర్దూ సారు ఆ గొలుసు రాత చదివి పెట్టకపోతే మేమూ కనుక్కునేవాళ్లం కాదు.

రికార్డింగుకు ఇంటికే వచ్చారు. మొదటి అరగంట కాగితం చూసి ప్రశ్నలు అడుగుతుంటే నాయనమ్మ "ఊ", "ఆ" తప్ప పలకలేదు. తర్వాత ఆ రశీదు చేతికిచ్చి, "అవ్వా, ఇదేందే?" అన్నాడు అబ్బాయి. ఇక చూడాలి! "వడ్లు కొలిచిపోయినంక మాకు జొన్న గట్కనే బిడ్డా" అని మొదలుపెట్టి, రెండు గంటలు ఆపలేదు.

అసలు బాధ టైపింగుతో. ఆమె "గడీల ఎట్టికి పోయి వడ్లు దంచినం" అంటే, "గదిలో వడ్లు దంచాము" అని కొట్టారు. కోటలాంటి దొర గడీ కాస్తా మా ఇంటి గది అయింది, ఎట్టి అసలే ఎగిరిపోయింది. ఊరి మీద పడి దొర కూలి ఇవ్వకుండా చేయించుకున్న చాకిరీ, ఒక్క అక్షరంతో ఇంటిపని అయిపోయింది. "గప్పుడు"లన్నీ "అప్పుడు"లయ్యాయి. పైగా ఆడియోలో ఆమె మాట ఆపి ఊరుకున్న చోట్లన్నీ కత్తిరించి, క్లీన్ చేశామన్నారు. ఏం క్లీనో!

గట్టిగా అడిగితే కత్తిరించని ఆడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, పైసలు తీసుకోలేదు. మీరు ఇచ్చేటట్టయితే ముందే అడగండి, లేకపోతే క్లీన్ చేసిందే చేతిలో పెడతారు. టైపింగు కూడా వారంలో మళ్లీ చేశారు. ఈసారి గడీ గడీలాగే ఉంది. ఎట్టి కూడా వచ్చింది గానీ "వెట్టి" అయి వచ్చింది. చదివి వినిపిస్తే నాయనమ్మ, "వెట్టేంది? ఎట్టి అని రాయుమను" అంది.