తమ్ముడికి ఏ రక్తపరీక్ష మేలు: ఐఎల్-6, సీఆర్‌పీ, లేక మామూలు సీబీసీనా?

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, అంటే భ్రమలు కలిగే మానసిక జబ్బు. బెంగళూరు మారతహళ్లిలో మా వీధి ల్యాబ్ అబ్బాయి పోయిన నెల ఒక ప్యాకేజీ అంటగట్టబోయాడు. "స్కిజోఫ్రెనియాలో ఇన్‌ఫ్లమేషన్ ఉంటుందట కదక్కా, ఐఎల్-6, సీఆర్‌పీ రెండూ చూపించండి" అని. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒంట్లో వాపు; ఐఎల్-6, సీఆర్‌పీ రక్తంలో దాన్ని చూపించే ప్రోటీన్లు. అతను చెప్పింది అబద్ధమేం కాదు, జబ్బు తిరగబెట్టినప్పుడు ఐఎల్-6 పెరుగుతుందనీ, సీఆర్‌పీ కూడా మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువే ఉంటుందనీ చాలా అధ్యయనాల్లో కనబడింది. కానీ అది వందలమంది సగటు. మావాడు ఒక్కడు.

ఐఎల్-6 అయితే నా దృష్టిలో దండగ. సీఆర్‌పీ తయారుచెయ్యమని లివర్‌కి చెప్పేదే అది, పూట పూటకీ మారుతుంది, ఎంత దాటితే మందు మార్చాలో ఎవరూ గీత గియ్యలేదు.

సీఆర్‌పీ చవక, కానీ పొట్ట పెరిగినా, సిగరెట్లు కాల్చినా, చిగుళ్లు వాచినా అదీ పెరుగుతుంది. (ఇదివరకు ఒలాంజపిన్ అనే మందు మీద మావాడు ఎంత లావయ్యాడో చెప్పక్కర్లేదు.) సీఆర్‌పీనే ఇంకా సూక్ష్మంగా కొలిచే హెచ్ఎస్-సీఆర్‌పీ 3 దాటితే గుండె రిస్కు ఎక్కువంటారు, 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం వెతుకుతారు, అంతేగానీ భ్రమల సంగతి అది చెప్పదు.

సీఆర్‌పీ నిజంగా పనికొచ్చేది, ఇప్పుడు మావాడు వాడే క్లోజాపిన్ అనే మందు వేసుకునేవాళ్లకి. మొదలుపెట్టిన తొలి నెలలో అరుదుగా గుండె కండరం వాస్తుంది, అందుకే గుండె దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్‌తో పాటు సీఆర్‌పీ కూడా చూస్తారు. ఇంకోటి మాకు అనుభవమైంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరితే లివర్ క్లోజాపిన్‌ని త్వరగా వదిలించుకోలేదు, రోజూ వేసే డోసే రక్తంలో ఎక్కువైపోతుంది. వానల్లో న్యుమోనియా వచ్చినప్పుడు తమ్ముడు మధ్యాహ్నం దాకా లేవడు, చొంగ కారుతోంది, మాట ముద్దగా వస్తోంది, అమ్మేమో జబ్బు మళ్లీ ముదిరిందని ఏడుపు. సీఆర్‌పీ చూసిన డాక్టర్ కొన్నాళ్లు డోసు తగ్గించారు, వారంలో మనిషి తేరుకున్నాడు. మేమే తగ్గించి ఉంటే ఏమయ్యేదో.

ఇక సీబీసీ, అంటే రక్తకణాల లెక్క. క్లోజాపిన్ వల్ల న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) పడిపోతున్నాయేమోనని మాకు మొదటి 18 వారాలు వారం వారం ఎలాగూ చేశారు. అందులో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ (ఇంకో రకం తెల్లకణాలు) శాతంతో భాగిస్తే, 60కి 30 ఉంటే 2, అదే ఎన్ఎల్ఆర్, పైసా ఖర్చు లేని ఇన్‌ఫ్లమేషన్ లెక్క. అయితే టెన్షన్‌కీ, జ్వరానికీ కూడా పెరుగుతుంది, క్లోజాపిన్ ఆ కణాల్నే కదిలిస్తుంది కాబట్టి మావాడి విషయంలో నేను దాన్ని పట్టించుకోను.

ల్యాబ్ అబ్బాయికి ప్యాకేజీ వద్దని చెప్పి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), లిపిడ్ (కొలెస్ట్రాల్) రాయించుకున్నాను. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం చెరువు చుట్టూ రెండు రౌండ్లు నడుస్తున్నాం, మూడోదానికి వాడు రాడు.