అమానా కాలనీస్ వెళ్తే షాపుల కంటే ముందు అక్కడి ఉమ్మడి వంటిల్లు చూడండి

అమెరికాలో చికాగో నుంచి డి మోయిన్ వైపు ఐ-80 హైవే మీద వెళ్తుంటే ఆయోవా రాష్ట్రంలో 225 ఎగ్జిట్ దగ్గర అమానా కాలనీస్ బోర్డు వస్తుంది, మనవాళ్లు చాలామంది అదేదో అమిష్ వాళ్ల (కార్లు కాదని గుర్రబ్బళ్లలో తిరిగే క్రైస్తవ శాఖ) ఊరులే అనుకుని దాటెళ్లిపోతారు. వీళ్లు అమిష్ కాదండీ. 1714లో జర్మనీలో మొదలైన ఒక చిన్న క్రైస్తవ శాఖ, అక్కడి చర్చితో సర్కారుతో పడక 1840ల్లో క్రిస్టియన్ మెట్జ్ అనే ఆయన వెంట అమెరికా వచ్చి, ముందు బఫెలో దగ్గరుండి, 1855 నుంచి ఆయోవాకి మారారు. ఏడు ఊళ్లు, దాదాపు 26 వేల ఎకరాలు, పొలం మిల్లు ఇల్లు అన్నీ సంఘానివే, ఎవరికీ జీతాల్లేవు. 1932 దాకా అలాగే నడిచింది!

అమ్మానాన్న అమెరికాకొచ్చినప్పుడు తీసుకెళ్లా. ఆ ఏడు ఊళ్లలో అందరూ వెళ్లేది మెయిన్ అమానా. వైన్, ఫడ్జ్, సావనీర్లు, కొవ్వొత్తులు... ఏ టూరిస్ట్ ఊళ్లో అయినా ఉండేవే, గంట చాలు. అక్కడ హెరిటేజ్ మ్యూజియం మాత్రం వదలొద్దు, అది చూశాకే మిగతా ఊళ్లు అర్థమవుతాయి.

అసలైంది మిడిల్ అమానా అనే ఇంకో ఊళ్లో కమ్యూనల్ కిచెన్ మ్యూజియం. అప్పట్లో ఇళ్లల్లో వంటగదే ఉండేది కాదట, ఏడు ఊళ్లకీ కలిపి యాభై పైనే ఉమ్మడి వంటిళ్లు, ఒక్కోదాన్లో ముప్పై నలభై మందికి వంట, మగవాళ్లకో బల్ల ఆడవాళ్లకో బల్ల, తినేటప్పుడు మాటల్లేవు. ఇటుకల పొయ్యి, గిన్నెలు అన్నీ అలాగే ఉన్నాయి. అమ్మ అంతా చూసి "ఇంట్లో పొయ్యి లేకపోతే అర్ధరాత్రి పిల్లాడు పాలకేడిస్తే ఏం చేసేవాళ్లే?" అంది, నేను గైడ్‌కి ఇంగ్లీష్‌లో చెప్తే ఆవిడ నవ్వేసింది గానీ జవాబు మాత్రం దాటేసింది :) అలాంటి ఊళ్లోనే తర్వాత ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ వచ్చింది, 1967లో ఇంట్లో వాడుకునే మైక్రోవేవ్ అమ్మిన అమానా కంపెనీ ఇదే.

ఏడింటిలో మరో ఊరు హోమ్‌స్టెడ్‌లో పాత చర్చి ఉంది, శిలువ లేదు రంగుల అద్దాల్లేవు, బల్లలు మాత్రమే, ఆడా మగా వేరే గుమ్మాలు. ఇక శ్మశానాల్లో రాళ్లన్నీ ఒకే సైజు, చనిపోయిన వరసలో పెట్టారు, కుటుంబాల ప్రకారం కాదు. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డారు, మా ఊళ్లో శ్మశానానికీ వాటాల గొడవేరా అన్నారు.

తిండి సంగతికొస్తే, జర్మన్ భోజనం ఫ్యామిలీ స్టైల్ అంటారు, మెయిన్ డిష్ ఎవరిది వాళ్లకి, కూరలూ బంగాళదుంపలూ బల్ల మధ్యలో గిన్నెల్లో పెట్టి అయిపోతే మళ్లీ తెస్తారు, మన బంతి భోజనంలాగే. చికెన్ తినేవాళ్లకి హాయి. శాకాహారులకి కష్టం, మేం తిన్న చోట అమ్మకి సైడ్స్ మాత్రమే పెట్టి పూర్తి భోజనం రేటేశారు, అడిగితే పాలసీ అన్నారు. కాబట్టి పులిహోర కట్టుకెళ్లండి, లేదా అరగంట దూరంలో ఆయోవా సిటీ వైపు వెళ్లి తినండి.

స్టే విషయంలో, పాత ఉన్ని మిల్లు భవనాల్లో హోటల్ మిల్‌రైట్ ఉంది, ఇటుక గోడలు చెక్క దూలాలు బావుంటాయి, హైవే పక్క చెయిన్ హోటళ్ల కంటే రేటెక్కువ, అయినా పెద్దవాళ్లుంటే అక్కడే దిగండి, సాయంత్రం షాపులు కట్టేశాక నడవడానికి ఊరంతా ఖాళీగా దొరుకుతుంది. చిన్న పిల్లలుంటే మాత్రం ఆయోవా సిటీ పక్కనున్న కోరల్‌విల్ వైపు స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటలే నయం, మ్యూజియాల్లో వాళ్లకి బోర్ కొడుతుంది.

కారు తప్పనిసరి, ఊళ్ల మధ్య బస్సుల్లాంటివేం ఆశించొద్దు. జులైలో అయితే లిల్లీ లేక్ నిండా తామరలు పూస్తాయి, చలికాలంలో చిన్న మ్యూజియాలు చాలావరకు మూసేస్తారు, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.