క్యూబెక్ పూర్వీకుల వేట: జ్ఞానస్నానం రికార్డు మేలా, పెళ్లి రికార్డు మేలా?

ఫ్రెంచ్ కెనడియన్లకు తమ పూర్వీకులను వెతుక్కోవడం మిగతా చాలామంది కంటే సులువు. క్యూబెక్‌లో కాథలిక్ విచారణ గురువులు 17వ శతాబ్దం నుంచే జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టర్లకు ఎక్కించారు. అయితే చాలామంది తాత పుట్టిన తేదీ తెలుసు కదా అని జ్ఞానస్నానం రికార్డుతో మొదలుపెడతారు. నా ఓటు పెళ్లి రికార్డుకే.

ఎందుకంటే పేర్లు తికమక పెడతాయి. ఆడపిల్లలకు ముందు ‘మరీ’ (మేరీ) అనీ, మగపిల్లలకు జోసెఫ్ అనీ పెట్టడం అప్పట్లో మామూలు. తర్వాత తరచూ జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడే జ్ఞాన తండ్రి పేరో జ్ఞాన తల్లి పేరో వస్తుంది. పిలిచే పేరు ఎక్కువగా చివర ఉంటుంది. రిజిస్టర్‌లో జోసెఫ్ ఫ్రాంస్వా లూయీ అని ఉన్నవాడు ఊళ్లో వట్టి లూయీయే కావచ్చు. పైగా పసిబిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెట్టేవారు. ఖననం రికార్డు చూడకుండా మొదటి లూయీని ముత్తాతగా రాసేసుకుంటే వంశవృక్షమంతా తప్పే.

పెళ్లి రికార్డులో మామూలుగా వధూవరులిద్దరి తల్లిదండ్రులూ, తల్లుల పుట్టింటి పేర్లతో సహా ఉంటారు. ఒక్క కాగితంతో పై తరం జంటలు రెండు దొరుకుతాయి. వాళ్ల పెళ్లి వెతికితే ఇంకో తరం. ఆడవాళ్లు చనిపోయేదాకా రికార్డుల్లో పుట్టింటి పేరుతోనే ఉంటారు కాబట్టి తల్లి వైపు కూడా దారి తెగదు. లోపం లేదని కాదు. మారు మనువైతే చాలాసార్లు తల్లిదండ్రులకు బదులు పోయిన భర్త లేదా భార్య పేరు రాసి వదిలేస్తారు. అప్పుడు మొదటి పెళ్లి వెతుక్కోవాలి.

అసలు తలనొప్పి ‘డి’ (ఫ్రెంచ్‌లో ‘అనబడే’) పేర్లతో. అలియాస్ లాంటివి. 1665లో వచ్చిన కారిన్యాన్-సాలియేర్ రెజిమెంట్ సైనికులకు లాఫ్లర్, జోలీకేర్ లాంటి మారుపేర్లు ఉండేవి. మన ఇంటిపేరులా ఒక్కటే తరతరాలకూ రాదు. ఉడోన్ డి బోల్యూ కుటుంబంలో ఒక కొడుకు ఉడోన్‌గా ఉంటే ఇంకొకడు బోల్యూ అయిపోవచ్చు. అమెరికా మిల్లులకు వెళ్లాక బ్వావేర్ గ్రీన్‌వుడ్‌గా, రువా కింగ్‌గా మారిన కుటుంబాలూ ఉన్నాయి. అందుకే ఒక్కడి పేరుతో కాకుండా భార్యాభర్తల పేర్లు కలిపి వెతకాలి. ఇంటిపేరు మారినా పక్కనున్న భార్య పేరు పట్టిస్తుంది.

ఇక ఎక్కడ వెతకాలి? తాంగే అనే గురువు కూర్చిన ఏడు సంపుటాల వంశావళి నిఘంటువు (1871–1890) ఉచితమే, కానీ తప్పులున్నాయి. దాన్ని ఆచూకీగా వాడండి, సాక్ష్యంగా కాదు. 1850కి ముందు కాలానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 1966లో మొదలైన పీఆర్‌డీహెచ్ డేటాబేస్ డబ్బులు పెట్టదగ్గది. కుటుంబాలను జతపరిచి ఇస్తుంది. ఆ తర్వాతి కాలానికి ద్రువాన్ సంస్థ సేకరణ ఉంది. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో అసలు రిజిస్టర్ల ఫోటోలు ఉచితం, కాకపోతే పాత ఫ్రెంచ్ చేతిరాత చదవాలి. డీఎన్‌ఏ టెస్ట్ నా లెక్కలో చివరిది: ఫ్రెంచ్ కెనడియన్లు చాలావరకు కొద్దిమంది పూర్వీకుల సంతతే కాబట్టి దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్లలా కనిపిస్తారు.

గుడి రికార్డు పోయి పెళ్లే దొరకలేదంటే నోటరీల దస్తావేజులు చూడండి. పెళ్లికి ముందు అక్కడ ఒప్పందం రాయించుకోవడం అప్పట్లో ఆనవాయితీ. తల్లిదండ్రుల పేర్లు అందులోనూ ఉంటాయి.