ఇన్‌స్పెక్షన్‌లో ఏది గట్టెక్కుద్ది: రోజూ తిరిగే బైకా, మూల పడున్న బైకా?
మీటర్ తక్కువుంటే బండి కొత్తదే అనుకుంటాం గానీ ఏడాదికోసారి చెకింగ్‌కి తీసుకెళ్తే లెక్క మారిపోద్ది, నేనైతే సర్వీస్ బాగున్న ఎక్కువ కిలోమీటర్ల బండికే ఓటేస్తా. తిరిగే బండికి చైన్ సాగుద్ది, దాన్ని పట్టుకునే స్ప్రాకెట్ చక్రం పళ్లు కొక్కేల్లా వంగుతాయి, బ్రేక్ ప్యాడ్లు అరుగుతాయి, కళ్లకి కనపడేవే, మార్చేస్తే అయిపోయింది. కవర్ కప్పి దాచిన బండి అలా కాదు, ట్రెడ్, అంటే టైర్ మీది గాట్లు, నిండుగా ఉన్నా టైర్ పక్కన సన్న పగుళ్లు, దాని మీద తయారీ డేట్ కోడ్ 2316 అని ఉంటే అది 2016లో 23వ వారం టైర్ మరి, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ పిస్టన్ పట్టేస్తది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ రాడ్ మీద చిన్న తుప్పు చుక్క చాలు, సీల్ కోసుకుపోయి ఆయిల్ కారుద్ది. ముందు చక్రం పైకెత్తి చేత్తో తిప్పి చూడండి, బ్రేక్ నొక్కకుండానే బరువుగా తిరిగితే పట్టేసిన బ్రేక్ దొరికిపోయినట్టే.