గర్భసంచి ఆపరేషన్ అయిన వాళ్లూ, నెల్లూరు 'హార్మోన్ ప్యాకేజీ' జోలికి వెళ్లకండి

నెల్లూరు పొగతోట వైపు తిరిగే వాళ్లకు ఈ ప్యాకేజీ అమ్మే కేంద్రం ఏదో నేను వేరే చెప్పనక్కర్లేదు. నిన్న ఒంగోలులో డాక్టరమ్మ అసలు విషయం చెప్పినప్పటి నుంచి నా రక్తం ఉడికిపోతోంది.

నాకు 42 ఏళ్లు. గడ్డల వల్ల నిరుడు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. అప్పటి నుంచి ఒళ్లంతా సెగలు, రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఆ కేంద్రంలో ఈ మాట చెబితే పరీక్షలు, చికిత్స అన్నీ కలిపి 14,500 రూపాయలు కట్టించుకున్నారు. డిశ్చార్జ్ సమ్మరీ నా ఒళ్లోనే ఉంది. అండాశయాలు ఉన్నాయా, తీసేశారా అని అడిగిన మనిషి లేడు. రక్తం తీసుకున్నారు, బలానికని ఒక ఇంజెక్షన్ పొడిచారు. రిపోర్టు చేతికిచ్చింది ఆ తర్వాతే.

అందులో నా టెస్టోస్టెరాన్ (మగవాళ్లలో ఎక్కువగా, ఆడవాళ్లలో కొంచెం ఉండే హార్మోన్) డెసిలీటరుకు 22 నానోగ్రాములు. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి 'బాగా తక్కువ' అని రాశారు. పక్క గడిలో ఉండవలసిన అంకెలు 300 నుంచి 1000. అవి మగవాళ్లవి! ఆడవాళ్ల వరుస దాని కిందే ఉంది, సరిగ్గా దాని మీదే రబ్బరు ముద్ర కొట్టారు. వెలుతురుకు పట్టి చూస్తే ముద్ర కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇదేమిటని కౌంటర్‌లో అడిగాను. ఆ మనిషి తల కూడా ఎత్తకుండా, హాలంతా వినబడేలా అన్న మాట ఇది: "గర్భసంచే లేనప్పుడు ఆడవాళ్ల లెక్క మీకెందుకమ్మా?"

బెంచీల మీద నాలాంటి ఆడవాళ్లు, వాళ్ల వెంట వచ్చిన అన్నదమ్ములు, భర్తలు. అందరూ విన్నారు. మా వారు తల దించుకున్నారు. ఆపరేషన్ బల్ల మీద కూడా నేను అంత చిన్నబోలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు నేను వాళ్లను క్షమించను.

నెల తిరిగేసరికి గడ్డం మీద మొటిమలు, పై పెదవి మీద నూగు. గొంతు బొంగురుపోయింది. ఫోను చేస్తే మా పెద్దమ్మ "ఎవరు బాబూ?" అని అడిగింది. బలానికి అని చెప్పింది 250 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ అట, మగవాళ్లకిచ్చే మోతాదు. గొంతులో వచ్చిన మార్పు ఒక్కోసారి పూర్తిగా పోదని డాక్టరమ్మ అన్నారు.

ఆవిడ ఓపికగా అన్నీ చెప్పారు. అండాశయాలు రెండూ తీసేస్తే టెస్టోస్టెరాన్ దాదాపు సగానికి పడిపోతుంది, కానీ అంకె తగ్గడమే జబ్బు కాదు. ఆడవాళ్లలో ఉండేదే కొంచెం, అంత తక్కువ మోతాదును మామూలు ల్యాబ్ పరీక్షలు సరిగా పట్టుకోలేవు, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే మరింత కచ్చితమైన పద్ధతి కావాలి. 2019లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి చెప్పిన దాని ప్రకారం, ముట్లుడిగిన ఆడవాళ్లలో లైంగిక కోరిక తగ్గి, అది మనసును బాధపెడుతూ, వేరే కారణాలేవీ లేనప్పుడే టెస్టోస్టెరాన్ మందుకు ఆధారం ఉంది. అది కూడా ఆడవాళ్ల మోతాదులో, చర్మానికి రాసేది. మొదలుపెట్టిన 3 నుంచి 6 వారాల్లో మళ్లీ రక్త పరీక్ష చేయాలి, ఆరు నెలల్లో గుణం లేకపోతే ఆపేయాలి. మోతాదు మించిపోయే ఇంజెక్షన్లు, చర్మం కింద పెట్టే గుళికలు వద్దన్నారు. నా సెగలకు, నిద్రలేమికి కావలసింది అండాశయాలు తయారుచేసే ఆడ హార్మోన్, ఈస్ట్రోజెన్. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నాయా అని అడిగాకే రాశారు. గర్భసంచి లోపలి పొరను కాపాడటానికి దాంతో పాటు ఇచ్చే ప్రొజెస్టెరాన్, గర్భసంచి లేదు కాబట్టి నాకు అవసరం లేదన్నారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలోకెల్లా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, వందకు దాదాపు తొమ్మిది మంది. వీళ్ల కన్ను ఆ తొమ్మిది మంది మీదే.

వెళ్లక తప్పకపోతే సూది గుచ్చకముందే మందు పేరు రాయించుకోండి, రిపోర్టులో ఆడవాళ్ల వరుస చూడండి. నా బిల్లులో మందు పేరే లేదు, 'ప్యాకేజీ' అని ఉంది అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కట్టిన డబ్బు 5 లక్షల వరకు అయితే రుసుము లేదు, నేను కేసు వేస్తున్నాను. అక్కడే మోసపోయినవాళ్లు మీ రిపోర్టులు పారేయకండి, నాకు సందేశం పెట్టండి.