దుర్బోధల మీద 'సంపూర్ణ కోర్సు' కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అందరికీ వందనాలు. ఆదిమ సంఘం దుర్బోధకుల గురించి చేసిన హెచ్చరికలను వివరిస్తామంటూ ఆన్‌లైన్‌లో ఒక కోర్సు అమ్ముతున్నారు. మూడు పుస్తకాలు, వీడియో పాఠాలు, వారానికో లైవ్ క్లాసు, చివర్లో సర్టిఫికెట్. ధర 4,500 రూపాయలు. పేరు రాయడం లేదు కానీ, ఫోన్‌లో వాక్య సందేశాలు వినే అలవాటున్న వాళ్లకి ఆ ప్రకటన ఈపాటికే కనబడి ఉంటుంది. మా సంఘంలో యూత్ బైబిల్ స్టడీ కోసం తలా కొంత వేసుకుని కొన్నాం. డబ్బు సంగతి అలా ఉంచితే, అంతకన్నా పెద్ద తలనొప్పి ఆ పాఠాలతో వచ్చింది. క్లాసులు విన్న ఇద్దరు పిల్లలు సొంత మేనత్త ఇంటికి భోజనానికి వెళ్లడం మానేశారు, ఆవిడ వేరే సంఘానికి వెళ్తుందని.

దానికి కోర్సులో చూపించిన ఆధారం రెండో యోహాను పత్రిక 10వ వచనం. ఈ బోధ తేకుండా వచ్చినవాణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దు, శుభమని కూడా చెప్పవద్దు అని అక్కడ ఉంది, నిజమే. మన సిద్ధాంతం ఒప్పుకోని వాళ్లు బంధువులైనా సరే, వాళ్లతో రాకపోకలు పెట్టుకోకూడదని కోర్సువాళ్లు దానికి అర్థం చెప్పారు. ఆ పత్రిక మొత్తం 13 వచనాలే. మూడు వచనాలు వెనక్కి వెళ్తే ఆ వచ్చేవాడు ఎవరో రాసినాయనే చెప్పాడు: యేసుక్రీస్తు శరీరధారిగా వచ్చాడని ఒప్పుకోని వంచకులు. క్రీస్తు మనిషిలా కనిపించాడే తప్ప నిజంగా మనిషి కాలేదు, నిజంగా బాధపడలేదు అనే బోధ ఆ రోజుల్లో తిరుగుతోంది. రోముకు బందీగా వెళ్తూ స్ముర్న సంఘానికి ఉత్తరం రాసిన అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ కూడా దీని మీదే విరుచుకుపడ్డాడు. ఆ బోధ పట్టుకున్నవాళ్లకి విధవరాలి గురించి, అనాథ గురించి, ఆకలితో ఉన్నవాడి గురించి పట్టింపు లేదని కూడా ఆ ఉత్తరంలోనే రాశాడు.

ఇంకో సంగతి. అప్పట్లో మందిరాలు లేవు, సంఘం కూడుకునేది ఇళ్లలోనే. ఊరూరా తిరిగే బోధకుడికి బస ఇచ్చి, అన్నం పెట్టి, తర్వాతి ఊరికి సాగనంపేది విశ్వాసులే. కాబట్టి ఇంట్లో చేర్చుకోవడమంటే అతని బోధకి చోటిచ్చి, దారిఖర్చు కూడా పెట్టుకోవడం. ఆదివారం మేనత్త వండే కోడికూరకి దీనికి ఏ సంబంధమూ లేదు.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది మూడో యోహాను పత్రిక విషయం. బైబిల్లో పేజీ తిప్పితే వచ్చేది అదే. దియొత్రెఫే అనే ఆయన బయటినుంచి వచ్చిన సహోదరుల్ని చేర్చుకోలేదు, చేర్చుకుందామన్న వాళ్లని అడ్డుకున్నాడు, సంఘంలోంచి వెలివేశాడు. ఆ పని తప్పని పత్రిక రాసిన పెద్ద గట్టిగా అన్నాడు. పరిచయం లేని సహోదరుల్ని కూడా ఆదరించిన గాయును మెచ్చుకున్నాడు. 'పెద్ద' అని తన గురించి చెప్పుకునే మనిషి పేరు మీదే రెండు పత్రికలూ ఉన్నాయి. ఒకటి ఎవరిని రానివ్వకూడదో చెప్తే, రెండోది తలుపులు వేసేవాణ్ణి నిలదీస్తుంది. రెండూ కలిపి చదవకపోతే మొదటిది ఎవరి మీదైనా ప్రయోగించొచ్చు. మూడు పుస్తకాల్లోనూ మూడో యోహాను మీద ఒక్క పాఠం లేదు. లైవ్ క్లాసులో మా తమ్ముడొకడు అడిగితే, "అది అడ్వాన్స్ లెవెల్‌లో వస్తుంది బ్రదర్" అన్నారు. అడ్వాన్స్ లెవెల్‌కి మళ్లీ 7,000.

రెండో పుస్తకంలో అన్ని హెచ్చరికల్నీ ఒకే గాటన కట్టేశారు. గలతీలో పౌలు కొట్లాడింది అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాల్సిందే అన్నవాళ్లతో. కొలొస్సైలో గొడవ తిండి, పండుగలు, విశ్రాంతి దినాలు, దేవదూతల ఆరాధన గురించి. మొదటి తిమోతిలో వివాహం వద్దు, ఫలానా ఆహారం ముట్టుకోవద్దు అనేవాళ్లు కనబడతారు. యూదా పత్రికకి వస్తే సరిగ్గా తలకిందులు, అక్కడివాళ్లు దేవుని కృపనే అడ్డం పెట్టుకుని విచ్చలవిడిగా బతికేవాళ్లు. ఒకళ్లది మరీ బిగింపు, ఇంకొకళ్లది మరీ సడలింపు. ఇద్దరినీ కలిపి 'దుర్బోధకుడి పన్నెండు గుర్తులు' అని ఒక పట్టిక వేస్తే, అందులో ఏదో ఒక గుర్తు ప్రతి పాస్టర్ గారికీ తగులుతుంది. కోర్సువాళ్లకి కావలసింది కూడా అదేనని నా అనుమానం.

ఇప్పుడు 'డిడాకే' దగ్గరికొద్దాం. ఇది మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందని చాలామంది పండితులు అంచనా వేసే చిన్న గ్రంథం, సంఘాల నడవడికకి సంబంధించింది. దాని గ్రీకు ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెనియోస్ అనే బిషప్‌కి దొరికింది, 1883లో అచ్చయింది. 11వ అధ్యాయంలో ఊరూరా తిరిగే బోధకుల్ని ఎలా పరీక్షించాలో ఉంది. కోర్సు మూడో పుస్తకంలో దాన్ని పెద్ద అక్షరాల్లో, రంగు డబ్బా కట్టి మరీ వేశారు: వచ్చినవాడు ఒక రోజు ఉండాలి, అవసరమైతే రెండో రోజు, మూడో రోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త. అక్కడ మూడు చుక్కలు పెట్టి ఆపేశారు. ఆ చుక్కలున్న చోట అసలు గ్రంథంలో ఏముందో తెలుసా? బయల్దేరేటప్పుడు తర్వాతి బసకి చేరేదాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఇంకొంచెం కిందకి వెళ్తే, ఆత్మలో ఉన్నానంటూ నాకు డబ్బివ్వమన్నవాడి మాట వినొద్దు అనీ, లేనివాళ్లకోసం అడిగితే మాత్రం అతనికి తీర్పు తీర్చొద్దు అనీ ఉంది. అదీ వేయలేదు.

న్యాయంగా చెప్పాలంటే 13వ అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది. ఊళ్లో స్థిరపడదలచిన నిజమైన ప్రవక్త, నిజమైన బోధకుడు తన ఆహారానికి పాత్రుడు, ప్రథమఫలాలు ప్రవక్తలకి ఇవ్వండి అని. బోధించేవాళ్లకి డబ్బివ్వడమే తప్పని నేను అనడం లేదు. పుస్తకం అచ్చేయడానికీ వీడియో తీయడానికీ ఖర్చవుతుంది, ధర పెట్టుకోవచ్చు. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త అన్న ఆ ఒక్క వాక్యం దాచడం కోసం మూడు చుక్కలు పెట్టారు చూడండి, తప్పంతా అక్కడ ఉంది.

చరిత్ర పాఠాలు ఇంకా అధ్వానం. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో 325లో బిషప్‌లు కూడిన నైసియా సభ తేల్చిందన్నారు. ఆ సభ దాని గురించి తీర్మానమే చేయలేదు. ఇప్పుడు మన కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాల జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఈస్టర్ పండుగ ఉత్తరంలో కనిపిస్తుంది. యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా పేరు మీదున్న 'యూదా సువార్త' గురించి ఎవరికీ తెలియని రహస్యం బయటపెడతామని స్పెషల్ క్లాసు పెట్టారు. ఆ పేరుతో ఒక గ్రంథం తిరుగుతోందని దాదాపు 180లోనే ఐరేనియస్ అనే బిషప్ రాశాడు, 2006లో దాని కాప్టిక్ ప్రతి అనువాదంతో సహా అచ్చయింది. ఇందులో రహస్యం ఎక్కడుంది? ప్రకటన గ్రంథం ఖండించిన నీకొలాయితులు అనే గుంపు అంటే మన కాలంలో ఫలానా డినామినేషన్ అని పేరు పెట్టి మరీ చెప్పారు. వాళ్లు అపొస్తలుల కార్యములలోని నీకొలాసు శిష్యులని ఐరేనియస్ అంటే, అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంట్ ఆ నీకొలాసును వెనకేసుకొచ్చాడు. వాళ్ల కాలానికి అంత దగ్గరగా ఉన్నవాళ్లకే ఏకాభిప్రాయం లేదు.

పితరులు, అంటే ఐరేనియస్ లాంటి తొలి శతాబ్దాల సంఘ నాయకులు, రచయితలు చెప్పిన ప్రతి మాటా పొల్లుపోకుండా నిజమేనని కూడా అనుకోకండి. అపొస్తలుల కార్యములలో కనిపించే గారడీ సీమోనుకి రోములో విగ్రహం పెట్టారని రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాశాడు. కోర్సులో దాన్ని తిరుగులేని సాక్ష్యంగా చూపించారు. కానీ 1574లో రోములోని టైబర్ నది దీవిలో ఒక పీఠం దొరికింది. దాని మీదున్న పేరు సెమో సాంకస్ అనే పాత స్థానిక దేవుడిది. జస్టిన్ దాన్నే చూసి సీమోను అని పొరబడ్డాడని ఎక్కువమంది పండితులు అంటారు.

రెండో పుస్తకం వెనక అట్ట మీద ఐరేనియస్ చెప్పిన పోలిక ఒకటి వేశారు. శిల్పి రత్నాలతో రాజు బొమ్మ చేస్తే, ఒకడు ఆ రత్నాలు ఊడదీసి నక్క బొమ్మగా పేర్చి, రత్నాలు అసలువే కాబట్టి ఇదే రాజు బొమ్మ అంటాడట. లేఖనాల్ని ముక్కలు చేసి అతికించేవాళ్ల గురించి ఆయన అన్నమాట అది. అట్ట మీద వేసినవాళ్లు దాన్ని చదివే వేశారా అని మాకు ఇప్పటికీ సందేహమే.

రిఫండ్ అడిగితే వచ్చిన జవాబు ఇది: "ప్రభువు పనికి ఇచ్చింది వెనక్కి అడగకూడదు." రసీదు తీసి చూస్తే సంగతి అర్థమైంది. డబ్బు కట్టిన పేజీలో 'కోర్సు ఫీజు' అని ఉంది, రసీదులో మాత్రం 'ప్రేమ కానుక' అని వచ్చింది. కానుక కాబట్టి కొనుగోలు కాదట, తిరిగి ఇవ్వక్కర్లేదట. దుర్బోధ చరిత్ర నేర్పేవాళ్లకి రెండో శతాబ్దపు దుర్బోధకుడు మార్సియన్ కథ తెలిసే ఉండాలి. ఆయన రోము సంఘానికి రెండు లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇచ్చాడు. 144 ప్రాంతంలో బోధ తప్పని వెలివేసినప్పుడు ఆ డబ్బు కూడా అతనితోపాటే బయటికి పంపేశారని తర్వాతి తరం క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. దుర్బోధకుడి డబ్బునే వాళ్లు ఉంచుకోలేదు. వీళ్లు విశ్వాసుల 4,500 ఉంచుకున్నారు.

ఇలాంటిది ఏదైనా కొనేముందు ఒక పాఠం శాంపిల్‌గా చూపించమనండి. రెండో యోహాను పాఠం అడిగితే ఇంకా మంచిది. ఆ హెచ్చరిక ఎవరికి రాశారు, ఏ బోధ గురించి రాశారు అన్నది మొదటి పేజీల్లోనే రావాలి. అది రాకుండా నేరుగా ఈనాటి సంఘాల పేర్లలోకి దిగితే కొనకండి. పితరుల మాట ఎత్తితే ఏ గ్రంథం, ఏ అధ్యాయం అని అడగండి. మా లైవ్ క్లాసులో ఈ ప్రశ్న వేసినవాళ్లని గ్రూప్‌లోంచి తీసేశారు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్ చూసుకోండి. మాలో కొందరికి అడ్వాన్స్ లెవెల్ పేరుతో నెలవారీ కోతకి అనుమతి పడి ఉంది, దాన్ని అక్కడే రద్దు చేసుకోవచ్చు. 'కోర్సు ఫీజు' అని కనబడే పేజీని, రసీదుని రెండింటినీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేజీ మార్చేయకముందే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.