శ్రీలంకలో తొమ్మిది రోజులు: చెరువు కట్టల మీద సైకిలు, కొండల్లో కాలినడక

సింహళంలో తమ్ముణ్ణి ‘మల్లి’ అని పిలుస్తారు. ఆ సంగతి తెలియక మొదటి రెండు రోజులూ మా గైడుని బాగా తిప్పలు పెట్టాం. ముందు అతను, వెనక మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, ఆవిడ తమ్ముడు. వెనక నుంచి మా ఆవిడ “అబ్బా, మళ్ళీ మట్టి రోడ్డేనా” అనేది. పాపం అతను బ్రేకు వేసి, కాలు నేల మీద ఆనించి, “ఏమైంది అక్కా?” అని వెనక్కి చూసేవాడు. అక్కని వాళ్లూ అక్క అనే అంటారు. మూడో రోజు ఈ తికమక ఎక్కడుందో తెలిసింది. అప్పట్నుంచి అతను మాకు మల్లీ అయిపోయాడు.

2025 ఫిబ్రవరి 7న హైదరాబాదులో విమానం ఎక్కితే రెండు గంటల్లో కొలంబో. సైకిలు, నడక కలిపిన ప్యాకేజీ అది. గైడు, వెనకే వచ్చే వ్యాను, డ్రైవరు, సైకిళ్లు, గదులు, పొద్దున టిఫిను వాళ్లవి. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు మావి. ప్రవేశ టిక్కెట్లు కూడా మావేనన్న సంగతి అక్కడికి వెళ్లాక తెలిసింది. ఎవరైనా ఇలాంటిది బుక్ చేసేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. సిగిరియా కోట, పాత రాజధాని పొలొన్నరువ లాంటి చోట్ల విదేశీయుల టిక్కెట్టు డాలర్లలో ఉంటుంది. మనం సార్క్ దేశం వాళ్లం కాబట్టి దాదాపు సగానికి ఇస్తారు, కానీ పాస్‌పోర్టు చూపించాలి. దాన్ని హోటల్ లాకర్లో పెట్టి వెళ్తే ఆ సగం పోయినట్టే.

మొదటి రాత్రి నెగొంబోలో. విమానాశ్రయానికి దగ్గర, అంతకంటే చెప్పడానికేం లేదు. ఆ సాయంత్రమే సైకిళ్లు ఇచ్చి సీట్లు సరిచేశారు. నాది ఒక సైజు చిన్నది. వెనక బ్రేకు కాస్త మెత్తగా ఉందన్నాను. “రేపు చూస్తాం సార్” అన్నారు. ఆ రేపు ఎప్పుడొచ్చిందో తర్వాత చెప్తాను.

మర్నాడు వ్యానులో హబరణ వైపు. బస ఒక చెరువు పక్కన చిన్న హోమ్‌స్టే, మూడే గదులు. ట్రిప్పు మొత్తంలో బాగున్న బస ఇదే. ఏసీ అంతంత మాత్రం, వేడి నీళ్లు సాయంత్రం మాత్రమే. కానీ పొద్దున్నే వాకిట్లో నెమళ్లు, కంచం నిండా అప్పాలు, ఇడియాప్పం, పప్పు కూర, కొబ్బరి సంబోలు. ఇక్కడ శాకాహారులకి ఒక హెచ్చరిక. చూడ్డానికి అచ్చం మన కొబ్బరి పచ్చడిలా ఉండే ఈ ‘పోల్ సంబోల్’లో చాలా చోట్ల ఉంబలకడ కలుపుతారు. అంటే ఎండబెట్టిన చేప పొడి. మా ఆవిడ పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. రెండు సార్లు వేయించుకుని “పచ్చడి భలే ఉంది, ఇందులో ఏం వేశారండీ” అని ఆ ఇంటావిడని అడిగింది. ఆవిడ నవ్వుతూ చెప్పింది. మిగతా ప్రయాణమంతా మల్లీయే ప్రతి వంటింట్లోకీ వెళ్లి, ఉంబలకడ లేకుండా వేరే నూరించి తెచ్చాడు. ప్యాకేజీ కాగితంలో ‘శాకాహారం లభించును’ అని ఒక్క ముక్క ఉంది. ఆ ముక్కని నిజం చేసింది అతనే.

సిగిరియా గురించి అందరూ రాశారు కాబట్టి రెండు ముక్కలే. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు ఆ బండ మీద కోట కట్టుకున్నాడు. సుమారు 1200 మెట్లు. పొద్దున ఏడింటికే ఎక్కడం మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే ఇనుప మెట్ల దగ్గర క్యూ కదలదు. ఎదురుగా ఉన్న పిదురంగల బండ నుంచి సిగిరియా మొత్తం కనపడుతుంది, టిక్కెట్టూ చాలా తక్కువ. మోకాళ్లు బాగుంటే నేనైతే దానికే ఓటు వేస్తాను. పైన చివర్లో మాత్రం చేతులూ కాళ్లూ రెండూ వాడి బండల మీద పాకాలి.

అసలు సంబరం పొలొన్నరువలో. తొమ్మిదో తారీకు, ఆదివారం. ఊరి మధ్య మ్యూజియం దగ్గర మొదలుపెట్టి, శిథిలాలన్నీ సైకిలు మీదే తిరిగాం. చెట్ల నీడలో చదునైన దారి, ఒక గుడికీ ఇంకో గుడికీ మధ్య అయిదు నిమిషాల తొక్కుడు. నడిచేవాళ్లు సగం చూసేసరికి ఎండకి డస్సిపోతున్నారు. కార్లలో వచ్చినవాళ్లు ఏసీలోంచి దిగి, ఫొటో తీసుకుని, మళ్లీ ఏసీలో దూరుతున్నారు. ఈ ఊరికి సైకిలే సరైన వాహనం. అద్దె సైకిళ్లు ఊళ్లోనే దొరుకుతాయి, దీనికి ప్యాకేజీ కూడా అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: గుళ్ల దగ్గర చెప్పులు విప్పాలి, పదకొండు దాటాక ఆ రాళ్లు పెనంలా కాలతాయి. మందపాటి మేజోళ్లు సంచీలో పెట్టుకోండి.

వటదాగె అనే గుండ్రటి గుడి మెట్ల ముందు అర్ధచంద్రాకారపు రాయి ఉంటుంది, దాని మీద వరసలుగా ఏనుగులూ గుర్రాలూ హంసలూ. చంద్రశిల అంటారు. ఇలాంటి రాళ్లు మన నాగార్జునకొండలోనూ దొరికాయి. సింహళ భిక్షువుల కోసం అక్కడ ఒక విహారమే ఉండేదని శాసనం ఉంది. సాగర్ లాంచీ ఎక్కిన ప్రతిసారీ ఆ పేరు చూస్తూనే ఉన్నాను గాని, అవతలి గట్టు ఇదని నాకు అక్కడ నిలబడ్డాకే తట్టింది. గల్ విహారలో ఒకే రాతిలో చెక్కిన పడుకున్న బుద్ధుడు పద్నాలుగు మీటర్ల పొడవు. తల కింద దిండు నొక్కుకుపోయినట్టు చెక్కారు. అది రాయి అని కాసేపు గుర్తు రాదు.

మధ్యాహ్నం తిండికి కూర్చున్నామో లేదో కరెంటు పోయింది. ఊరిదే అనుకున్నాం, దేశం మొత్తానిదట. కొలంబో దక్షిణాన ఒక సబ్‌స్టేషన్లో కోతి ట్రాన్స్‌ఫార్మరుకి తగలడం వల్ల అని విద్యుత్ మంత్రే ప్రకటించారు. హోటల్లో కూర్చున్న ముగ్గురు తెలుగు వాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వాపుకోలేకపోయాం. లంకకీ కోతికీ ఇంకా పొసగలేదన్నమాట. మల్లీకి రామాయణం తెలుసు కాబట్టి జోకు చెప్పాల్సిన పని పడలేదు.

సాయంత్రం పరాక్రమ సముద్రం కట్ట మీద తొక్కాం. పేరు సముద్రం గాని అది చెరువు. పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు రాజు పాత చెరువుల్ని కలిపి, పెంచి, ఇంత చేశాడు. కట్ట పొడవు సుమారు పద్నాలుగు కిలోమీటర్లు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పచ్చని వరి. నేను హన్మకొండ వాణ్ణి. పాఖాల, రామప్ప కట్టల మీద పెరిగిన కాళ్లకి ఈ దారి కొత్త కాదు. తూము, అలుగు, కట్ట కింద పొలం, నీళ్లలో ఎండు చెట్ల మోడులు, వాటి మీద నీటికాకులు. మల్లీ తూముని చూపిస్తూ వివరించబోతే నేనే వివరించేశాను. కొసన ఒక పెద్దాయన వెలగపండు రసం అమ్ముతున్నాడు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టి, తర్వాత పారేసే వెలగపండు! కొబ్బరి పాలూ బెల్లమూ కలిపి ఇచ్చాడు. నేను రెండు గ్లాసులు తాగాను, మా ఆవిడ మూడు.

నాలుగున్నరకల్లా సైకిళ్లు వ్యాను మీదికి ఎక్కించాడు మల్లీ. ఇంకో గంట తొక్కుతాం అని మా బావమరిది పేచీ పెట్టాడు. “చీకటి పడితే ఈ రోడ్డు ఏనుగులది” అన్నాడు మల్లీ. మిన్నేరియ దాటుతుంటే నిజంగానే రోడ్డు పక్కన ఒంటరి ఏనుగు నిలబడి ఉంది. వ్యాను అద్దం వెనక నుంచి బావమరిది మెల్లగా, “బావా, మనం సైకిలు మీద లేం కదా” అన్నాడు. గైడుకి ఇచ్చిన డబ్బు గిట్టిందని నాకు అనిపించిన క్షణం అది.

క్యాండీలో బస మీద మాత్రం ఫిర్యాదు ఉంది. ‘సరస్సుకి దగ్గర’ అని చెప్పిన హోటలు కొండ మీద ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. గది బాగానే ఉంది, కానీ కిందికి దిగిన ప్రతిసారీ ఆటోకి సమర్పించుకోవాలి. ఆ సరస్సు తవ్వించింది క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. తెలుగు మూలాలున్న నాయక వంశం వాడు. 1815లో ఇంగ్లీషు వాళ్లు పట్టుకుని, తర్వాత వేలూరు కోటకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. మా ఆవిడది చిత్తూరు. “వేలూరు మా పక్క ఊరు, కోట ఎన్నిసార్లు చూశానో, ఈయన సంగతి ఎవరూ చెప్పలేదే” అని సరస్సు చుట్టూ నడిచినంత సేపూ అంటూనే ఉంది. క్యాండీలో సైకిలు పెట్టకపోవడం ప్యాకేజీ వాళ్లు చేసిన మంచి పని. ఆ ట్రాఫిక్కులో ఎవరూ తొక్కలేరు.

పదకొండున రైల్లో నాను ఓయాకి, అంటే నువర ఎలియకి దగ్గరి స్టేషనుకి. సుమారు నాలుగు గంటలు. రిజర్వు టిక్కెట్లు ముందే అయిపోతాయి. కంపెనీ వాళ్లు సంపాదించి పెట్టారు, ఒప్పుకోవాలి. మేం వెళ్లొచ్చాక ఆ ఏడాది నవంబరులో దిత్వా తుపాను ఈ కొండ ప్రాంతాన్ని బాగా దెబ్బతీసింది. ఇప్పుడు వెళ్లేవాళ్లు రైలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కుని బుక్ చేసుకోండి.

నువర ఎలియలో ఇంగ్లీషు కాలపు బంగళా. ఫొటోల్లో రాజభవనం. లోపల చెమ్మ వాసన, వణికించే చలి, గదిలో హీటరుకి రోజువారీ అదనం. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి హోర్టన్ ప్లెయిన్స్ నేషనల్ పార్కుకి. ఆరింటికి గేటు తీస్తారు. సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు అక్కడే తీసేసుకుంటారు. మా ఆవిడ కట్టుకొచ్చిన జంతికల కవరు కూడా పోయింది, జంతికలు కాగితంలో పోసి ఇచ్చారు. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు చుట్టు నడక. చలి, గడ్డి మైదానం, మధ్యలో పొట్టి చెట్ల అడవి, ఆ తర్వాత ఉన్నట్టుండి నేల తెగిపోయిన అంచు, ‘వరల్డ్స్ ఎండ్’. పది దాటితే మంచు కమ్మేస్తుంది, కింద లోయ కాదు కదా పక్క మనిషి కూడా కనపడడు. మేం ఎనిమిదికల్లా అక్కడున్నాం. ఆ రోజు పున్నమి. శ్రీలంకలో ప్రతి పున్నమీ ‘పోయ’, దేశమంతటా సెలవు, ఆ రోజు మందు అమ్మరు. అందుకని స్థానిక కుటుంబాలన్నీ అక్కడే ఉన్నాయి, పిల్లలు, పొట్లాలు, పాటలు. నిశ్శబ్దం కోరుకునేవాళ్లు పోయ రోజు తప్పించండి. నాకు మాత్రం ఆ సందడి నచ్చింది.

పదమూడున కాగితం ప్రకారం ‘టీ తోటల మధ్య ఆహ్లాదకరమైన దిగుడు సైకిలు యాత్ర’. నువర ఎలియ నుంచి హక్గల మీదుగా వెలిమడ వైపు. సీత ఎలియలో అశోకవనం అని చెప్పే చోట, సీతమ్మ గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకున్నాం. దిగుడు అక్కడి నుంచి ఇంకా ఏటవాలుగా ఉంటుంది. ఆహ్లాదం మాట అటుంచి, అది బస్సుల రోడ్డు. ప్రైవేటు బస్సూ, ప్రభుత్వ బస్సూ మలుపులో పోటీ పడి దిగుతుంటే, మనం కాలువ గట్టు మీద నిలబడి పొగ మింగడమే పని. టీ తోటని చూడ్డానికి కన్ను తిప్పే ధైర్యం లేదు. రెండో మలుపులో నా వెనక బ్రేకు పూర్తిగా జారిపోయింది. నెగొంబోలో చెప్పిన ‘రేపు’ అక్కడ వచ్చింది. ముందు బ్రేకు ఒక్కటీ గట్టిగా పడితే పల్టీ కొడతాను. కాళ్లు రోడ్డుకి రాసుకుంటూ ఒక కూరగాయల కొట్టు ముందు మట్టిగుట్టలోకి పోనిచ్చాను. మోకాలు కొట్టుకుపోయింది, ప్యాంటు చిరిగింది, అంతే. మల్లీ పరిగెత్తుకొచ్చి కట్టు కట్టాడు. మా ఆవిడ ఒక్క మాటా అనకుండా తన సైకిలు వ్యాను దగ్గర వదిలేసి లోపల కూర్చుంది. మిగతా దారంతా అందరం వ్యానులోనే.

అవే కొండలు మర్నాడు కాలినడకన ఇంకోలా ఉన్నాయి. హపుతలె దగ్గర దంబతెన్న టీ ఫ్యాక్టరీ నుంచి లిప్టన్ సీట్ అనే వ్యూపాయింటు దాకా సుమారు ఏడు కిలోమీటర్ల ఎక్కుడు. తోటల్లోంచి సన్న దారి, ఆకు కోసే ఆడవాళ్లు, కూలీల లైను ఇళ్లు, చిన్న కోవెళ్లు. ఇంగ్లీషు వాళ్ల కాలంలో తమిళనాడు నుంచి వచ్చిన వాళ్ల వారసులు వీళ్లు. మా ఆవిడ చిత్తూరు తమిళంలో పలకరిస్తే, బుట్ట దించి మరీ మాట్లాడారు. రోజుకి ఎన్ని కిలోలు కొయ్యాలి, తక్కువైతే కూలి ఎంత కోస్తారు అన్న లెక్కలు. ఫ్యాక్టరీలో గైడు చెప్పినవాటిలో ఈ లెక్కలు లేవు. మోకాలి నొప్పితో కుంటుతూ నడిచినా, ఈ రోజునే ఎక్కువగా తలుచుకుంటున్నాను. హపుతలె బస ఒక ఇంటి మేడ మీద రెండు గదులు, చవక. ఆ ఇంటావిడ రాత్రి పనసకాయ కూర వండింది.

చివరి మజిలీ ఎల్ల. తొమ్మిది కమానుల వంతెన చూశాం, 1921 నాటిది. రైలు కోసం ఎదురుచూసే ఫోన్లు రైలుకంటే ఎక్కువ. రాత్రి కేఫుల స్పీకర్లు, నిద్ర లేదు. ఒక్క పూట చాలు.

వచ్చాక కంపెనీ వాళ్లు అభిప్రాయం అడుగుతూ ఫారం పంపారు. గైడుకి పదికి పది. డ్రైవరుకీ అంతే. చెరువు కట్టల రోజుల్ని రెండు నుంచి నాలుగు చెయ్యండి, కొండల్లో సైకిలు తీసేసి నడక పెట్టండి, క్యాండీ హోటలు మార్చండి, బ్రేకు గురించి కస్టమరు చెప్పిన రోజే చూడండి, అని వివరంగా రాశాను. వారంలో జవాబొచ్చింది. చాలా చింతిస్తున్నామని చెప్పి, తర్వాతి ట్రిప్పుకి పది శాతం తగ్గింపు కూపను పంపారు. కింద చిన్న అక్షరాల్లో ఉంది, అది కొండ దారుల సైకిలు ట్రిప్పుకి మాత్రమే చెల్లుతుందట.